ఏల్ ఏదో, లాగర్ ఏదో ఎలా గుర్తుపట్టాలి?

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ వైన్ షాపు ముందు కాసేపు నిలబడితే వినపడేవి రెండే ప్రశ్నలు. "స్ట్రాంగా, లైటా?" "కూలింగ్ ఉందా?" రెండిటికీ జవాబు దొరికినా, చేతిలో ఉన్నది ఏ రకం బీరో తెలియదు. స్ట్రాంగ్, లైట్ అనేవి ఆల్కహాల్ ఎంతుందో చెబుతాయి, అంతే. బీరులో అసలు కుటుంబాలు రెండు: ఏల్, లాగర్. రణస్థలం మండలం బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ ఉంది కదా, ఆ కంపెనీ కింగ్‌ఫిషర్ లాగరే. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేవన్నీ లాగర్లే కాబట్టి, బీరంటే అదే రుచి అని మన నాలుక స్థిరపడిపోయింది. అందుకే ఏల్ మొదటిసారి తాగితే కొత్తగా ఉంటుంది.

తేడా ఎక్కడ మొదలవుతుందో కల్లు చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. తెల్లవారుజామున చెట్టు మీంచి దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ నురగ కట్టి పులుస్తుంది. ముంతలో ఆ పని చేసే వాటిలో ముఖ్యమైనది శాకరోమైసిస్ సెరవీసియే అనే ఈస్ట్. ఏల్‌ని పులియబెట్టేది కూడా ఆ జాతే. దానికి కాస్త వెచ్చదనం కావాలి. సుమారు 15 నుంచి 24 డిగ్రీల మధ్య కొద్దిరోజుల్లోనే పని ముగించి, నురగతో పాటు పైకి తేలుతుంది. ఆ హడావుడిలో ఆల్కహాల్‌తో పాటు పళ్ల వాసనలు కూడా పుడతాయి.

లాగర్ ఈస్ట్ వేరు. దాని పేరు శాకరోమైసిస్ పాస్టోరియానస్, ఏల్ ఈస్ట్‌కీ చలిని ఓర్చుకునే మరో ఈస్ట్‌కీ పుట్టిన సంకరజాతి. ఇది 7 నుంచి 13 డిగ్రీల చలిలో నింపాదిగా పనిచేసి అడుగుకి చేరుతుంది. ఆ తర్వాత బీరుని వారాల తరబడి గడ్డకట్టే చలికి దగ్గరగా నిల్వ ఉంచుతారు. జర్మన్‌లో 'లాగర్న్' అంటే నిల్వ చేయడం, పేరు అక్కడిదే. ఇన్నాళ్ల చలిలో వాసనలు తగ్గి రుచి తేటపడుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా తాగే బంగారు రంగు లాగర్‌కి మూలం 1842లో ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని పిల్‌జెన్ పట్టణంలో కాచిన బీరు. తర్వాత శీతలీకరణ యంత్రాలు రావడంతో ఏ ఊళ్లోనైనా, ఏ కాలంలోనైనా లాగర్ కాయడం కుదిరింది.

ఇక పరీక్షకి రండి. రెండు బాటిళ్లు చాలు, ఒకటి లాగర్, ఒకటి ఏల్. నలుగురు పంచుకుంటే ఇంకా మంచిది. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండినవాళ్లకే ఇది. తాగాక బండి తీయవద్దు.

1. ముందు లేబుల్ చదవండి. పేల్ ఏల్, ఐపీఏ (ఇండియా పేల్ ఏల్), స్టౌట్, పోర్టర్, విట్, హెఫెవైజెన్: ఇవన్నీ ఏల్ కుటుంబం. గోధుమ కలిపే వీట్ బీర్లు కూడా దాదాపు అన్నీ ఇటువైపే. పిల్స్‌నర్, హెలెస్, డంకెల్, బాక్ అని ఉంటే లాగర్. రంగు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. డంకెల్ ముదురు గోధుమ రంగులో ఉన్నా లాగరే. జర్మనీలోని కొలోన్ నగరపు కోల్ష్ ఎండుగడ్డి రంగులో ఉన్నా దాన్ని పులియబెట్టేది ఏల్ ఈస్టే.

2. లాగర్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోయండి. ఏల్‌ని పావుగంట ముందు బయట పెట్టండి. మే నెలలో మన ఇళ్లలో పది నిమిషాలు చాలు. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు, నాలుక కూడా మొద్దుబారుతుంది.

3. స్టీలు గ్లాసు వద్దు, గాజుది కావాలి. సబ్బు జిడ్డు, నూనె మరక ఏది మిగిలినా నురగ నిలవదు. గ్లాసుని నీళ్లతో కడిగి, వాల్చి పట్టుకుని పోస్తూ, చివర్లో నిటారుగా చేయండి. రెండు వేళ్ల మందం నురగ రావాలి.

4. తాగకముందే వాసన చూడండి. అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. మా బావ ఒకసారి జర్మన్ పద్ధతిలో కాచిన వీట్ బీర్ తెచ్చాడు. డాబా మీద కూర్చుని గ్లాసులో పోశాడు. గంజి కలిపినట్టు మసకగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏటిరా ఇది, అరటిపండు వాసనొస్తంది, పాడైపోనాదేటి?" అని పారబోయబోయాడు. నేను ఆపాను. బాగా మగ్గిన అరటిపండు, దాని వెనకాల సన్నగా లవంగం. ఎవరూ పండూ వేయలేదు, మసాలా వేయలేదు. ఆ రెండు వాసనలూ ఈస్ట్ పుట్టించినవే. మసక కూడా గోధుమలోని ప్రోటీన్ వల్ల, వడకట్టకుండా వదిలిన ఈస్ట్ వల్ల వచ్చింది. పక్కనే ఉన్న లాగర్ గ్లాసు ఎత్తి చూస్తే సన్నటి ధాన్యం వాసన తప్ప పెద్దగా ఏమీ లేదు. ఏ పుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా తేడా అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ.

5. ఇప్పుడు ఒక్కొక్క గుక్క. ముందు లాగర్, తర్వాత ఏల్, మధ్యలో మంచినీళ్లు, నాలుగు మరమరాలు. లాగర్ గొంతు దిగగానే నోరు ఖాళీ అయిపోతుంది. ఏల్ రుచి కాసేపు అంటిపెట్టుకుని ఉంటుంది. పేల్ ఏల్, ఐపీఏలలో హాప్స్ అనే పువ్వుల చేదు, నారింజ తొక్క లాంటి వాసన తెలుస్తాయి. స్టౌట్ అయితే కాఫీ గుర్తొస్తుంది, అది మాడేదాకా వేయించిన బార్లీ నుంచి వస్తుంది.

నంజుకునేవాటి విషయంలో నా మాట ఒక్కటి: ఐపీఏతో మన కారాలు పెట్టుకోకండి, చేదు వల్ల మంట ఇంకా పెరిగినట్టుంటుంది. కారం తగ్గించి వేయించిన చేప ముక్కకి వీట్ బీర్ చక్కగా నప్పుతుంది.

బాటిల్ కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. హాప్స్ వాసన ముందు పోతుంది కాబట్టి ఐపీఏ ఎంత కొత్తదైతే అంత మంచిది. ఎండ తగిలే అరలో నిలబెట్టిన బాటిల్ తీసుకోవద్దు. వెలుతురు పడితే హాప్స్ లోని పదార్థాలు విరిగి కంపు కొడతాయి. ఆకుపచ్చ సీసా కన్నా ముదురు గోధుమ రంగు సీసా దాన్ని బాగా అడ్డుకుంటుంది, డబ్బా అయితే ఆ బెంగే ఉండదు.