కాశీ ఘాట్‌లకు పెద్దవారిని తీసుకెళ్లేటప్పుడు

కాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాశీయాత్రకు బయలుదేరే మన వరంగల్ వారికి కాళేశ్వరం మెట్లే అలవాటు గనుక, గంగ ఒడ్డున మెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయని ముందే తెలిసి ఉండటం అవసరం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని ప్రతి ఘాట్‌లోనూ ఎక్కించి దించే బదులు, తెల్లవారుజామున అస్సీ ఘాట్‌లో పడవ ఎక్కించి దశాశ్వమేధం మీదుగా మణికర్ణిక వరకు తీసుకెళితే, 80కి పైగా ఉన్న ఘాట్‌లలో ముఖ్యమైనవెన్నో కూర్చున్నచోటు నుంచే దర్శించుకుంటారు. అక్కడ గంగ ఉత్తరవాహిని, ఘాట్‌లు పడమటి ఒడ్డున తూర్పుముఖంగా ఉంటాయి. అందువల్ల సూర్యోదయానికి అంతకంటే మంచి చోటు ఉండదని నా అభిప్రాయం. పడవ ఎక్కకముందే మొత్తం ధర ఎంతో, ఎక్కడ దింపుతారో మాట్లాడుకోవాలి. మణికర్ణికలో చితులు కాలుతుంటాయి, వాటి పక్కనే దుఃఖంలో ఉన్న కుటుంబాలుంటాయి కాబట్టి దయచేసి ఫోన్ బయటకు తీయకండి.

వర్షాకాలంలో గంగ పెరిగితే కింది మెట్లు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు. వరద తీశాక మెట్లపై మిగిలే ఒండ్రు మట్టి బాగా జారుతుంది కనుక, ఆ రోజుల్లో స్నానానికి దిగే పెద్దవారి చేయి ఒకరు పట్టుకునే ఉండాలి.