రైతుకు కరెంటు పని – 6వ పాఠం: బోరులోకి దిగే మూడు కోర్ల కేబుల్

పోయిన పాఠంలో ఒంటి వైరు సైజును, అంటే లోపలి రాగి అడ్డుకోత వైశాల్యాన్ని, స్క్వేర్ ఎంఎంలో ఎలా చదవాలో చూశాం. ఈసారి ఒకే తొడుగులో మూడు వైర్లున్న కేబుల్. మన పొలాల్లో ఇది ఎక్కువగా కనిపించేది బోరు దగ్గరే.

మూరెడు ముక్క తీసుకుని పై తొడుగును చాకుతో నిలువునా చీల్చండి. లోపల ఎరుపు, పసుపు, నీలం కోర్లు పక్కపక్కనే పడుకుని ఉంటాయి. ఒక్కో కోరుకూ విడిగా ఇన్సులేషన్, దాని లోపల సన్నటి రాగి పోగుల కట్ట. మోటారుకూ కేసింగుకూ మధ్య సందు బాగా ఇరుకు కాబట్టే ఈ కేబుల్‌ను పట్టీలా చదునుగా చేస్తారు. గుండ్రటిదైతే అక్కడ ఒరుసుకుపోతుంది.

త్రీఫేజ్ మోటారుకు మూడు కోర్లూ మూడు ఫేజులు. ఏ రెండు తారుమారైనా మోటారు ఎదురు తిరిగి నీళ్లు సన్నగా వస్తాయి. మెయిన్ ఆపి, స్టార్టర్ దగ్గర రెండు కోర్లు అటూ ఇటూ మార్చితే చాలు. సింగిల్ ఫేజుకూ మూడు కోర్లే గానీ పని వేరు: రన్నింగ్ (మోటారును నడిపే చుట్టకు), స్టార్టింగ్ (మొదట తిప్పే చుట్టకు), కామన్ (రెండు చుట్టలకూ ఉమ్మడి). రంగును నమ్మకండి. కోర్లను ప్యానెల్ నుంచి విప్పి, మల్టీమీటర్‌తో రెండేసి చొప్పున ఓములు (నిరోధం) చూడండి. అన్నిటికన్నా ఎక్కువ రీడింగు ఏ రెండింటి మధ్య వచ్చిందో అవి రన్నింగ్, స్టార్టింగ్. మిగిలింది కామన్. కామన్‌తో తక్కువ ఓములు చూపేది రన్నింగ్.

ఇక సైజు. మోటార్లు కాలిపోయేది చాలాసార్లు ఇక్కడే. 5 హెచ్‌పీ మోటారు 8 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. బోరులో 500 అడుగులు, స్టార్టర్ దాకా ఇంకో 150, అంటే దాదాపు 200 మీటర్లు. ఆ దూరానికి 2.5 స్క్వేర్ ఎంఎం కోరు సుమారు 1.6 ఓములు, 4 స్క్వేర్ ఎంఎం కోరు ఒక ఓము. త్రీఫేజు లెక్కలో వచ్చే 1.732ను (మూడుకు వర్గమూలం) ఆంపియర్లతో, ఓములతో గుణించండి: మొదటిదానిలో 22 వోల్టులు దారిలోనే పోతాయి, రెండోదానిలో 14. స్టార్టర్ దగ్గరే 380 ఉన్న రోజున మొదటిదానితో మోటారుకు అందేది 358. వోల్టేజీ తగ్గేకొద్దీ మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వైండింగ్ (మోటారు లోపలి రాగి చుట్ట) వేడెక్కుతుంది. ఇంత లోతుకు 4 స్క్వేర్ ఎంఎం కన్నా తక్కువది కొనవద్దనే నేను గట్టిగా చెబుతాను.

మా బోరులో ఒకసారి కేబుల్ షార్టయింది. పైపులన్నీ లాగి చూస్తే మూడు కోర్ల జాయింట్లూ ఒకే వరసలో ఉన్నాయి, వాటి మధ్య టేపు మాడి నల్లబడింది. తప్పు నాదే. మీరు మాత్రం మూడు కోర్లనూ మూడు పొడవుల్లో కత్తిరించండి, ఒక జాయింటు పక్కన ఇంకోటి పడకూడదు. రంగుకు రంగు కలిపి, పోగులు గట్టిగా మెలిపెట్టి, ఒక్కోదానికీ విడిగా రబ్బరు టేపు సాగదీసి చుట్టండి. టేపు రెండు పక్కలా ఇన్సులేషన్ మీదకు ఎక్కాలి. ఆపైన పీవీసీ టేపు, చివరికి మూడింటినీ కలిపి మళ్లీ రబ్బరు టేపు, పీవీసీ టేపు. దించేటప్పుడు కేబుల్ బరువు జాయింటు మీద పడకుండా దాన్ని పైపుకు కట్టుకుంటూ రండి.

వచ్చే పాఠానికి ముందు ఇంట్లో ఒక జాయింటు వేయండి. రెండు కొసలూ పైకి ఉంచి, రాత్రంతా బకెట్ నీళ్లలో ముంచండి. పొద్దున మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో మెగా ఓముల్లో చూపే మీటరు) ఒక వైరు కోరుకు, ఇంకోటి నీళ్లకు పెట్టి చూడండి. రీడింగు ఒక మెగా ఓము దగ్గరికి దిగితే టేపు విప్పి మళ్లీ చుట్టండి.