నల్లటి పూలు మిద్దె తోటలో పెంచడం ఎలా?

అచ్చమైన నల్ల పువ్వు దాదాపు లేదు. మన కంటికి నల్లగా కనిపించేది బాగా చిక్కబడిన ఎరుపో, ఊదానో. చాలా పూలలో, రేకుల్లో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఎంత ఎక్కువ చేరితే పువ్వు అంత నలుపుకు దగ్గరవుతుంది. చలిలో ఈ రంగు ముదురుతుంది, ఎండలు మండితే పలచబడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన తిరుపతిలో ఏ మొక్క తెచ్చుకున్నామన్న దానికంటే, అది ఏ నెలలో పూస్తుందన్నదే ముఖ్యం. మొగ్గలు సంక్రాంతి చలికి విచ్చుకునేలా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. పలమనేరు, కుప్పం వైపు వాళ్లది ఎత్తు ప్రాంతం, రాత్రుళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి వాళ్లకు ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది.

1. మన ఎండకు తగ్గ మొక్కలు ఎంచుకోండి

మొదటిసారి పెంచేవాళ్లు సీతమ్మజడ, అంటే కోడిజుట్టు పువ్వుతో మొదలుపెట్టండి. ముదురు మెరూన్ రకం విత్తనాలు జూన్, జూలైలో చల్లితే దసరాకు పూస్తుంది. మఖమల్ లాంటి ఆ రంగు ఎండకు అంత తొందరగా వెలవెలబోదు. గ్రిల్లుకు పాకించడానికి ముదురు నీలం శంఖుపుష్పం మంచిది. గింజలు గట్టిగా ఉంటాయి, రాత్రంతా నానబెట్టి నాటండి. ఎడీనియంలో, అంటే ఎడారి గులాబీలో, నలుపుకు దగ్గరగా ఉండే అంటు రకాలు దొరుకుతాయి. ఎండ దానికి ప్రాణం. వానకు మాత్రం దుంప కుళ్లుతుంది, కాబట్టి వర్షాకాలంలో చూరు కిందికి జరపండి. దాని పాలు విషం, పిల్లలకు, పశువులకు అందకుండా పెట్టండి.

ఇంటి ముందు నల్ల పువ్వేమిటని పెద్దవాళ్లు అభ్యంతరం చెబితే ముదురు మెరూన్ మందారం పెట్టండి. పూజకూ పనికొస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఆన్‌లైన్‌లో నల్ల గులాబీ విత్తనాలంటూ అమ్మేవి కొనకండి. గులాబీ విత్తనం నుంచి తల్లి మొక్క రంగే వస్తుందన్న నమ్మకం లేదు, ఆ ఫొటోల్లో కనిపించే కాటుక నలుపు అసలే రాదు. నర్సరీకి వెళ్లి, మొక్కకు పువ్వో, విచ్చుకుంటున్న మొగ్గో ఉన్నప్పుడు చూసి తెచ్చుకోండి.

2. మట్టి, నీళ్లు

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి. మట్టి బంకగా ఉంటే కాస్త ఇసుక కలపండి. యూరియా జోలికి పోవద్దు, ఆకు ఏపుగా పెరిగి పూలు తగ్గిపోతాయి.

అసలు చిక్కు నీళ్లతోనే. చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, తొట్టి అంచున తెల్లగా పొర కడతాయి. ఈ నీళ్లు పోస్తూ పోతే పెటూనియాకు (చలికాలం పూల మొక్క, దీని నారు సంగతి మూడో భాగంలో ఉంది) ఇనుము అందదు. లేత ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అలా కనిపిస్తే చీలేటెడ్ ఐరన్‌ను, అంటే మొక్క సులువుగా పీల్చుకునే ఇనుము మందును, డబ్బా మీద రాసిన మోతాదులో ఇవ్వండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి, మిద్దె మీద పడే ఆ నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే చలికాలం పూలకు చాలావరకు సరిపోతాయి.

3. నల్ల పెటూనియా నారు పోయడం

విత్తనం దుమ్ములా సన్నగా ఉంటుంది. పొడి ఇసుకలో కలిపి, అక్టోబరులో తడి కొబ్బరి పొట్టు మీద చల్లండి. పైన మట్టి కప్పొద్దు, మొలవడానికి దానికి వెలుతురు కావాలి. నీళ్లు స్ప్రే చేసి ప్లాస్టిక్ కవరు కప్పితే వారం, పది రోజుల్లో మొలుస్తుంది. జడివానలు పోయేదాకా నారు చూరు కిందే ఉండాలి. నాలుగైదు ఆకులొచ్చాక తొట్టిలోకి మార్చి, మొక్క జానెడు ఎత్తుకు రాగానే తల తుంచండి. మనసొప్పకపోయినా తుంచాల్సిందే, పక్క కొమ్మలు వచ్చేది అప్పుడే. విత్తిన మూడు నెలలకు పూస్తుంది.

4. గులాబీకి నవంబరు కత్తిరింపు

ఫ్రాన్స్‌కు చెందిన గులాబీల సంస్థ మెయ్యాన్ వాళ్ల బ్లాక్ బకారా నల్ల గులాబీల్లో బాగా పేరున్న రకం. చలిలో దాని మొగ్గను దగ్గరగా చూడండి. బయటి రేకుల అంచు కాలినట్టు నల్లగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ రక్తవర్ణం తేలుతుంది. అదే పువ్వు మేలో మామూలు ఎర్ర గులాబీలా పూస్తుంది.

నవంబరు మధ్యలో వాన తెరిపి ఇచ్చిన రోజు ఎండుపుల్లలు, సన్నని కొమ్మలు తీసేసి, గట్టి కొమ్మలను మూడో వంతు కత్తిరించండి. కోసిన చోట రాగి మందు పేస్టు పూయండి, లేదంటే కొమ్మ చివరి నుంచి ఎండుతూ వస్తుంది. నలభై ఐదు, యాభై రోజులకు, అంటే చలి బాగా ఉన్నప్పుడే పూలొస్తాయి. అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయండి.

5. ఎక్కడ పెట్టాలి

చాలామంది పట్టించుకోనిది ఇదే. నల్ల పువ్వు నీడలో, ముదురు గోడ ముందు ఉంటే కంటికి ఆనదు, అక్కడ ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది. సున్నం వేసిన తెల్ల గోడ ముందు పెట్టండి, పక్కన నందివర్ధనమో, లేత పసుపు చామంతో ఉంచండి. ఒక తెల్ల పూల తొట్టి, మూడు నల్ల పూల తొట్లు చాలు. అన్నీ నల్లవే పేరిస్తే అందం పోతుంది.

వీటికి తూర్పు వైపు చోటు మంచిది. ముదురు రేకు వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది, పడమటి ఎండకు మధ్యాహ్నానికే అంచులు మాడతాయి. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలితే చాలు. ఎడీనియానికి, సీతమ్మజడకు మాత్రం ఎండ ఎంతున్నా పరవాలేదు.

6. మార్చి తర్వాత

పెటూనియా ఎండలకు నిలవదు, తీసేసి ఆ మట్టిని ఎండబెట్టండి. గులాబీల మీద గ్రీన్ షేడ్ నెట్ కట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరచండి. మందారానికి పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

శంఖుపుష్పం కాయలు, సీతమ్మజడ కంకులు బాగా ఎండాక గింజలు దులిపి కాగితం పొట్లంలో దాచుకోండి. హైబ్రిడ్ పెటూనియా గింజలు దాచినా అదే రంగు రాదు, వాటిని ఏటా కొత్తగా కొనాల్సిందే.