ఆర్చ్ అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ కొట్టే ముందు

పోయిన ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, లాప్‌టాప్ లేస్తలేదు. రేపు ప్రాజెక్ట్ వైవా ఉంది." హనుమకొండలో రూమ్ తీసుకుని ఉంటున్న బీటెక్ పిల్లవాడు. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే అయిన ఆర్చ్ లినక్స్ వేసుకుని మూడు నెలలైంది. అప్‌డేట్ ఏ ఎర్రరూ లేకుండా అయిపోయింది, రీస్టార్ట్ చేస్తే ఎమర్జెన్సీ మోడ్ (డెస్క్‌టాప్ రాదు, నల్ల తెర మీద కమాండ్లే). ఈ ఏడాది ఇదే రోగంతో నా దగ్గరికొచ్చిన నాలుగో మెషీన్ అది.

బ్యాకప్, చార్జర్ సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నా. నాలుగింటిలోనూ తప్పు ఒక్కటే: బూట్ పార్టిషన్ (మెషీన్ లేవడానికి కావాల్సిన ఫైళ్లుండే డిస్క్ భాగం) మౌంట్ కాకుండా, అంటే దాని ఫోల్డర్‌కు తగిలించకుండా, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) అప్‌డేట్ చేశారు.

మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ (మెషీన్‌ను లేపే ప్రోగ్రామ్, మనం బయోస్ అనేదే) మీ రూట్ పార్టిషన్‌ను (లినక్స్ ఉండే డిస్క్ భాగం) చదవలేదు. దానికి అందేది ఈఎస్‌పీ అనే, ఫ్యాట్ ఫార్మాట్‌లోని చిన్న పార్టిషన్. చాలామంది దాన్నే బూట్ ఫోల్డర్ మీద మౌంట్ చేసుకుంటారు. మనవాడు పొద్దున దాన్ని చెక్ చేద్దామని అన్‌మౌంట్ చేసి, మళ్లీ పెట్టడం మరిచాడు. అప్పుడు బూట్ అనేది రూట్‌లో ఒక ఉత్త ఫోల్డర్. ప్యాకేజీలు పెట్టే ప్రోగ్రామ్ ప్యాక్‌మన్‌కు ఆ తేడా పట్టదు. కొత్త కెర్నల్‌ను ఆ ఫోల్డర్‌లో వేసి, పాత కెర్నల్ మాడ్యూళ్లను (వైఫై లాంటివాటిని నడిపే ముక్కలు) తీసేసి, అంతా బాగుందంటుంది. రీస్టార్ట్ చేస్తే ఈఎస్‌పీలో మిగిలిన పాత కెర్నల్ లేస్తుంది. దాని మాడ్యూళ్లు డిస్క్‌లో లేవు. వైఫై రాదు, ఫ్యాట్‌ను తెరిచే మాడ్యూల్ కూడా లేక బూట్ మౌంట్ కాదు.

అందుకే అప్‌డేట్‌కు ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్ కొట్టి, ఈఎస్‌పీ పక్కన బూట్ అని ఉందో లేదో చూడండి. రీస్టార్ట్‌కు ముందు మళ్లీ చూడండి. రెండు సెకన్ల పని.

తప్పు జరిగిపోతే: లైవ్ యూఎస్‌బీతో (ఆర్చ్ నేరుగా నడిచే పెన్‌డ్రైవ్) లేపి, ముందు రూట్‌ను, తర్వాత దాని కింద ఈఎస్‌పీని మౌంట్ చేసి, ఆర్చ్-క్రూట్ (arch-chroot) కమాండ్‌తో మీ సిస్టమ్‌లోకి వెళ్లి లినక్స్ ప్యాకేజీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. పావుగంటలో అయిపోతుంది. మనవాడు ఫార్మాట్ చేసేయబోయాడు, ప్రాజెక్ట్ అందులోనే ఉంది!

గ్రబ్ (కెర్నల్‌ను లేపే బూట్‌లోడర్) వాడేవాళ్లకు ఇంకో గండం ఉంది. ప్యాకేజీ అప్‌డేట్ అయినంత మాత్రాన ఈఎస్‌పీలోని గ్రబ్ మారదు. 2022 ఆగస్టులో జరిగింది అదే. కొత్త ప్యాకేజీ రాసిన కాన్ఫిగ్‌లోని ఒక ఆప్షన్ డిస్క్‌లోని పాత గ్రబ్‌కు అర్థం కాక, మెషీన్లు నేరుగా ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లోకి దూకేవి. గ్రబ్ కొత్తది వస్తే గ్రబ్-ఇన్‌స్టాల్, గ్రబ్-ఎంకేకాన్ఫిగ్ కమాండ్లు రెండూ నడపండి. ఒక్కటే నడిపితే సగం పనే.

ఇక మిగతావి:

ఆర్చ్ వార్తల పేజీ చదవకుండా అప్‌డేట్ చేయొద్దు. 2025 జూన్‌లో లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని ముక్కలు చేసినప్పుడు, పాతదాన్ని చేత్తో తీసేయాల్సి వచ్చింది.

విండోస్ చేసిన ఈఎస్‌పీ మామూలుగా 100 ఎంబీయే. నిండితే ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ (కెర్నల్ లేవగానే వాడుకునే ఫైల్) సగమే రాస్తుంది. ఖాళీ చూసుకోండి.

ప్యాక్‌మన్‌కు ఎస్‌వై (-Sy) ఒక్కటే కొట్టొద్దు. ఎస్‌వైయూ (-Syu) కొట్టండి.

బయోస్‌లో లోడ్ డిఫాల్ట్స్ నొక్కొద్దు. డిస్క్ మోడ్ మారితే డిస్కే కనపడకపోవచ్చు.

బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే సెక్యూర్ బూట్ (సంతకం లేని సిస్టమ్‌ను లేవనివ్వని బయోస్ సెట్టింగ్) ముట్టుకోండి.

బయోస్ అప్‌డేట్ తర్వాత లినక్స్ ఎంట్రీ మాయమైతే భయపడొద్దు, ఎఫీబూట్‌ఎంజీఆర్ (efibootmgr) కమాండ్‌తో మళ్లీ పెట్టుకోవచ్చు. ఫార్మాట్ వద్దు.

గాలిదుమారం లేచే సాయంత్రం బయోస్ ఫ్లాష్ (అప్‌డేట్) చేయొద్దు. మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా అసలే వద్దు.

బూట్ మౌంట్ అయిందా? మళ్లీ చూడండి.

లైవ్ యూఎస్‌బీ ఇవాళే చేసుకుని, ఒకసారి లేపి చూడండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆర్చ్ ఐఎస్ఓ (ఆ యూఎస్‌బీలో వేసే ఫైల్) లేవదు. మనవాడు "ఉందన్నా" అంటూ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో రెండు సినిమాలున్నాయి.