రైఫిల్ తూటాల రీలోడింగ్‌కు సరైన పౌడర్‌ను ఎంచుకోవడం ఎలా?

రీలోడింగ్ అంటే కాల్చిన తూటా ఖాళీ కేస్‌లో (ఇత్తడి గొట్టంలో) కొత్త ప్రైమర్ (నిప్పు పుట్టించే చిన్న మూత), పౌడర్ (మండే మందు), బుల్లెట్ పెట్టి మళ్లీ వాడుకునేలా చేయడం. ఇది మొదలుపెట్టిన వాళ్లు ముందుగా అడిగే ప్రశ్న, ఏ పౌడర్ మంచిది అని. ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఒక రైఫిల్‌కు, ఒక బుల్లెట్‌కు అద్భుతంగా పనిచేసే పౌడర్, మరో కేస్‌లో పోస్తే తుపాకీనే పగలగొట్టవచ్చు. అందుచేత ఎంపిక పౌడర్ డబ్బా దగ్గర కాదు, తూటా దగ్గర మొదలు కావాలి. అంతకన్నా ముందు, మీరు ఉండే చోట తూటాలను సొంతంగా నింపుకోవడానికి, పౌడర్ నిల్వ చేసుకోవడానికి చట్టం అనుమతిస్తుందో లేదో, ఏ లైసెన్సు కావాలో తెలుసుకోవాలి.

ముందు మీ దగ్గర ఉన్నది రాసుకోండి

ఒక కాగితం మీద తూటా పేరు, బుల్లెట్ బరువు, దాని తయారీదారు, రకం, బారెల్ పొడవు, రైఫిల్ బోల్ట్ రకమా (ప్రతిసారీ చేత్తో లోడ్ చేసేదా) లేక గ్యాస్‌తో తనంతట తానే మళ్లీ లోడ్ అయ్యేదా అన్నది రాసుకోవాలి. బరువు ఒకటే అయినా పూర్తి రాగి బుల్లెట్, సీసం నింపిన బుల్లెట్ కన్నా పొడవుగా ఉండి కేస్‌లో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఒత్తిడి కూడా వేరుగా పెరుగుతుంది కాబట్టి, బుల్లెట్ రకాన్ని రాయడం మరిచిపోకూడదు.

తర్వాత మాన్యువల్ తెరవండి

పౌడర్ కంపెనీలు, బుల్లెట్ కంపెనీలు ప్రయోగశాలలో ఒత్తిడి కొలిచి మాన్యువల్‌లలో ప్రచురించే లోడ్ పట్టికలే (ఒక తూటాకు ఏ పౌడర్ ఎంత పోయాలో చెప్పేవి) ఈ పనికి ఆధారం. ఉదాహరణకు .308 విన్చెస్టర్ అనే తూటాలో 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బరువుకు చిన్న కొలమానం) బుల్లెట్ వాడదలిస్తే, వార్గెట్, ఐఎమ్‌ఆర్ 4064, ఐఎమ్‌ఆర్ 4895, రీలోడర్ 15, విహ్టావుఓరి ఎన్140 వంటి పౌడర్ పేర్లు పదేపదే కనబడతాయి. మీ ఎంపిక ఈ చిన్న జాబితా లోపలే జరగాలి. వీలైతే రెండు మాన్యువల్‌లను పక్కపక్కన పెట్టుకుని, రెండింటిలోనూ ఉన్న పౌడర్‌ను తీసుకోండి. తెలిసినవారు నోటిమాటగా చెప్పిన లోడ్ ఎంత నమ్మకంగా వినిపించినా, పట్టికలో కనబడేదాకా దాన్ని పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

మండే వేగం అంటే ఏమిటి

జాబితాలోని పౌడర్‌లన్నీ ఎందుకు ఒకే కోవకు చెందినవో అర్థం కావాలంటే మండే వేగం గురించి తెలియాలి. నేటి రైఫిల్ పౌడర్‌కు మూలం 1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ తయారుచేసిన పొగరాని పౌడర్. ఇందులో ప్రధాన పదార్థం నైట్రోసెల్యులోజ్. కొన్నింటిలో నైట్రోగ్లిజరిన్ కూడా కలుపుతారు. రేణువు పరిమాణాన్ని, ఆకారాన్ని, పైపూతను మార్చి అది ఎంత త్వరగా గ్యాస్‌గా మారాలో తయారీదారు నియంత్రిస్తాడు. పెద్ద కేస్, సన్నని బారెల్ రంధ్రం, బరువైన బుల్లెట్ కలిసినప్పుడు నిదానంగా మండే పౌడర్ కావాలి. ఎందుకంటే బుల్లెట్ కదలడానికి సమయం పడుతుంది, ఆలోగా గ్యాస్ అంతా ఒక్కసారిగా పుడితే ఒత్తిడి హద్దు దాటుతుంది. .223 రెమింగ్టన్‌లాంటి చిన్న కేస్‌కు హెచ్335 సరిపోతే, .300 విన్చెస్టర్ మాగ్నమ్‌కు హెచ్1000లాంటి నిదానపు పౌడర్ అవసరమయ్యేది ఇందుకే.

పౌడర్‌లను వేగం ప్రకారం వరుసగా పేర్చిన పట్టికలు దొరుకుతాయి. అవి వరుస మాత్రమే చెబుతాయి, దూరం చెప్పవు. పక్కపక్కన ఉన్న రెండు పౌడర్‌ల మధ్య తేడా ఇసుమంత ఉండవచ్చు, గణనీయంగా కూడా ఉండవచ్చు. కేస్ మారితే వరుసే తారుమారు కావచ్చు. కనుక ఈ పట్టిక చూసి ఒక పౌడర్‌కు బదులుగా ఇంకొకటి పోయడం ఎప్పుడూ చేయకూడదు.

పేరును అక్షరం అక్షరం చదవండి

ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. హెచ్4831, ఐఎమ్‌ఆర్ 4831 అనే రెండు డబ్బాలను పక్కపక్కన పెట్టి చూడండి. అంకె ఒకటే, రెండింటిలోనూ పుల్లల్లాంటి బూడిదరంగు రేణువులే. అయినా ఐఎమ్‌ఆర్ రకం వేగంగా మండుతుంది. హెచ్4831కు రాసిన గరిష్ఠ పరిమాణాన్ని దానితో నింపితే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. ఈ గందరగోళానికి చరిత్రే కారణం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిపోయిన సైనిక పౌడర్‌ను అమెరికాలో బ్రూస్ హాడ్జ్‌డన్ కొని రీలోడర్లకు అమ్మాడు, ఆ సైనిక అంకెలే పేర్లుగా నిలిచిపోయాయి. హెచ్4895, ఐఎమ్‌ఆర్ 4895 విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి. అంకె శక్తిని సూచిస్తుందని అనుకోవడం మరో అపోహ.

కేస్ ఎంత నిండుతుంది

మిగిలిన రెండు మూడు పౌడర్‌లలో, కేస్‌ను 90 నుంచి 100 శాతం వరకు నింపేదానికి మొగ్గు చూపండి. కేస్ నిండుగా ఉంటే తూటా ఎటు వంగినా పౌడర్ కదలదు, ప్రతిసారీ ఒకేలా అంటుకుంటుంది, వేగంలో తేడాలు తగ్గుతాయి. పొరపాటున రెండుసార్లు పోస్తే అంచు దాటి పొర్లి కంటికి కనబడుతుంది కూడా. సగం కేస్‌ను మాత్రమే నింపే పౌడర్‌తో ఈ రక్షణ ఉండదు. మరోవైపు, తక్కువ శక్తి కావాలని నిదానపు పౌడర్‌ను పట్టికలోని ప్రారంభ పరిమాణం కన్నా తగ్గించి పోయకూడదు. అలాంటి లోడ్‌లలో ఒత్తిడి అనూహ్యంగా ఎగసిన సందర్భాలు ఉన్నాయి.

రేణువు ఆకారం, వాతావరణం

పుల్లల్లాంటి పౌడర్ కొలిచే పరికరంలో సాఫీగా జారదు. పిడి తిప్పేటప్పుడు రేణువు తెగి 'కటుక్'మన్న చప్పుడు చేతికి తెలుస్తుంది, ఆ తూటాకు కొలత అటూ ఇటూ అవుతుంది. అలాంటప్పుడు ప్రతి లోడ్‌నూ త్రాసులో తూయాలి. గుండ్రటి పౌడర్ నీళ్లలా జారుతుంది, వందల తూటాలు నింపేవారికి అది వరం. కానీ దానికి వేడైన ప్రైమర్ అవసరం కావచ్చు, మాన్యువల్ ఏ ప్రైమర్ చెబితే అదే వాడాలి. చలికాలంలో సరిచూసుకున్న లోడ్, మండుటెండలో ఒత్తిడి పెంచవచ్చు. ఈ తేడా తక్కువగా ఉండేలా చేసిన వార్గెట్, హెచ్4350 వంటివి ఏడాది పొడవునా కాల్చేవారికి అనుకూలం.

ఎం1 గారండ్‌లాంటి గ్యాస్ రైఫిళ్లకు మరో నియమం ఉంది. బుల్లెట్ గ్యాస్ రంధ్రం దాటే సమయానికి ఒత్తిడి ఎక్కువ మిగిలి ఉంటే ఆపరేటింగ్ రాడ్ (గ్యాస్ తోపుతో బోల్ట్‌ను వెనక్కి నడిపే కడ్డీ) వంగిపోవచ్చు. కనుక దానికి 4895, 4064 వంటి మధ్యస్థ వేగం గలవి వాడతారు, నిదానపువి వాడరు.

ఒక్క డబ్బాతో మొదలుపెట్టండి

ఒక పౌండులో 7,000 గ్రెయిన్లు ఉంటాయి. తూటాకు సుమారు 45 గ్రెయిన్లు పట్టే కేస్ అయితే 155 తూటాలు వస్తాయి. పరీక్షకు అది చాలు. పట్టికలోని ప్రారంభ పరిమాణంతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, క్రోనోగ్రాఫ్‌తో వేగం కొలవండి. బోల్ట్ బిగుసుకోవడం, ప్రైమర్ చదునైపోవడం, కేస్ అడుగున మెరిసే ముద్ర పడడం కనబడితే గరిష్ఠ పరిమాణం చేరకపోయినా అక్కడే ఆగాలి. అయితే ఈ గుర్తులు ఆలస్యంగా కనబడతాయి కాబట్టి, అవి లేనంత మాత్రాన పట్టిక హద్దు దాటడానికి వీల్లేదు. కొత్త లాట్ (వేరే తయారీ విడత) డబ్బా తెరిస్తే మళ్లీ కింది నుంచి పరీక్షించాలి.

పని చేసేటప్పుడు బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉంచండి. రెండు పౌడర్‌లను కలపకండి, మిగిలినదాన్ని అసలు డబ్బాలోకే పోయండి. లేబుల్ ఊడిపోయినా, ఘాటైన పుల్లటి వాసన వచ్చినా, రేణువుల మీద తుప్పులాంటి ఎర్రటి పొడి కనబడినా, ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా ఆ డబ్బాను వాడకుండా, తయారీదారు సూచనల ప్రకారం వదిలించుకోవాలి.