నెల్లూరులో ఫ్లాట్ కొనే ముందు

నెల్లూరులో ఫ్లాట్ కొనదలచినవారు అడ్వాన్సు ఇవ్వకముందే నగరపాలక సంస్థ మంజూరు చేసిన ప్లాను నకలును అడిగి తీసుకోవాలి. నగరం వెలుపలి లేఅవుట్ అయితే నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదాన్ని కూడా చూడాలి.

ఆ ప్లానును చేతపట్టుకొని, భవనం చుట్టూ వదిలిన ఖాళీ జాగాను టేపుతో స్వయంగా కొలవండి, అంతస్తులు లెక్కపెట్టండి. ప్లానులో వాహనాలకు చూపిన స్టిల్ట్‌లో, అంటే స్తంభాల మధ్య ఖాళీగా వదిలే కింది అంతస్తులో, గోడ లేపి దుకాణానికి షట్టరు బిగించి ఉంటే ఆ కొనుగోలు మానుకోవడమే మంచిది, ఎందుకంటే మంటలు చెలరేగిన రాత్రి పిల్లలూ పెద్దలూ బయటపడవలసిన దారి అదే. 2021 నవంబరులో పెన్నా వరద చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు: ఏటి పక్క స్థలమైతే అప్పుడు నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఇరుగుపొరుగును అడగండి.

500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో 8కి మించి ఫ్లాట్లు కడుతుంటే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆస్తిపై ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) సంగతి అందరికీ తెలిసిందే. చాలామంది వదిలేసేది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌ను. మంజూరైన ప్లాను ప్రకారమే భవనం పూర్తయిందని చెప్పే ఆ పత్రం లేకుండా గృహప్రవేశం చేయకండి.

స్వాధీనం చేసుకున్న తేదీని రాతపూర్వకంగా తీసుకోండి. రెరా చట్టం కిందకు వచ్చే భవనంలో ఆ నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి.