కాటమరాన్ రేసులో వీడియో తీసే ముందు

విజయవాడలో చిన్న కాటమరాన్ (రెండు సన్నని పడవల్ని పక్కపక్కన కలిపినట్టుండే తెరచాప పడవ) మీద కెమెరా పెట్టి రేసు తీయాలనుకుంటే, ముందు చూడాల్సింది కెమెరా కాదు, ప్రకాశం బ్యారేజీ. దాని 70 గేట్లలో కొన్నయినా ఎత్తి నీళ్లు వదులుతున్న రోజు భవానీ ద్వీపం వైపు పడవ దించకండి, వీడియో ఎక్కడికీ పారిపోదు. లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒడ్డున తెరచాప స్తంభం నిలబెట్టేటప్పుడు పైన కరెంటు తీగలున్నాయేమో తలెత్తి చూడండి, అది అల్యూమినియం.

ఇక కెమెరాకి ఫ్లోట్ (నీళ్లలో మునిగిపోకుండా తేల్చే ముక్క) తగిలించి, సన్నని తాడుతో పడవకి విడిగా కట్టండి. స్టాండు జిగురునే నమ్ముకుని నాదొకటి కృష్ణమ్మకి సమర్పించుకున్నా. ఆ తాడు పొట్టిగా ఉండాలి. వేలాడితే తెరచాప తాళ్లలో చిక్కుకుంటుంది, గాలి ఒక్కసారిగా కొట్టినప్పుడు వదలాల్సిన తాడు వదలకపోతే పడవ బోల్తానే.

కెమెరాని వెనకవైపు బిగిస్తే పడవ నడిపే ఇద్దరూ ఫ్రేములో పడతారు, కాకపోతే మలుపు తిప్పేటప్పుడు చుక్కాని పొడుగు కర్ర అటునుంచే తిరుగుతుంది, ఒడ్డు మీదే ఒకసారి తిప్పి చూసుకోండి.

లెన్స్ మీద చుక్క నిలిస్తే వీడియోలో సగం మసకే. బయల్దేరే ముందు నాలుకతో తడిపితే (నవ్వకండి) నీళ్లు పల్చగా జారిపోతాయి. మే ఎండలో కెమెరా వేడెక్కి ఆగిపోతుంది, బయల్దేరేదాకా తడిగుడ్డ కప్పి ఉంచండి. రికార్డింగ్ మాత్రం రేసు మొదలవ్వక ముందే నొక్కేయండి, మధ్యలో చెయ్యి అటు పోకూడదు.